రాక్ పాటగాడి గొంతు మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా?

పోయిన ఫెస్ట్ సీజన్లో నా ఫోన్‌కి ఒక ఆడియో వచ్చింది. నలభై సెకన్లు. కింద ఒక లైను: "అన్నా, వీని గొంతు ఎట్లుంది? రాక్‌కు పనికొస్తాడా?"

విన్నాను. డ్రమ్స్ మోగుతున్నాయి, గిటార్ గీరుతోంది, మధ్యలో ఎవరో అరుస్తున్నారు. దాని మీద ఫుల్ ఎకో. బావిలో పడినవాడు కేక వేసినా ఇట్లాగే ఉంటుంది. పంపినవాడికి ఫోన్ చేసి, "దీన్ని విని ఏమీ చెప్పలేనప్పా, ఆదివారం పిల్చుకోని రా" అన్నాను. ఆదివారం ఒకరు కాదు, ఇద్దరు వచ్చారు. ఒకడు ధర్మవరం అబ్బాయి, ఇంకొకడు గుత్తి అబ్బాయి. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఒకే బ్యాండ్. పాడే చోటు మాత్రం ఒకటే ఖాళీ ఉంది.

నేను పదిహేనేళ్లు ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించాను. జాతరలు, పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు. ఇప్పుడు అనంతపురంలో మా మిద్దె మీద ఒక గది ఉంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించాను (శబ్దం ఏమాత్రం ఆగదు, పక్కింటివాళ్లని అడగండి). కాలేజీ పిల్లలు వచ్చి వాయించుకుంటారు. గొంతు గురించి నాకు తెలిసింది సగం వాళ్లని వినడం వల్ల వచ్చింది, సగం నా గొంతు నేనే పాడు చేసుకోవడం వల్ల వచ్చింది. ఆ ఆదివారం ఆ ఇద్దరికీ ఏమేం పరీక్షలు పెట్టానో అదే వరుసలో చెబుతాను. మీ బ్యాండ్‌కి మనిషిని వెతుక్కుంటున్నా, మీ గొంతు సంగతి మీరే తేల్చుకోవాలన్నా, అబ్బాయిలైనా అమ్మాయిలైనా పద్ధతి ఇదే.

1. సినిమా పాట కొలతను పక్కన పెట్టండి

మన చెవి సినిమా పాటల దగ్గర పెరిగింది. ఘంటసాల, సుశీల, జానకి, బాలు. ప్రతి అక్షరం విడివిడిగా వినపడాలి, గొంతు నున్నగా జారాలి, ఎక్కడా గరుకు తగలకూడదు. ఈ కొలతతో చూస్తే రాడ్ స్టీవర్ట్, జానిస్ జాప్లిన్ లాంటి గరుకు గొంతు రాక్ పాటగాళ్లు మన ఊరి పాటల పోటీలో మొదటి రౌండ్ దాటరు. ముక్కుతో సాగదీసే బాబ్ డిలన్‌ని మైకు దగ్గరికే రానివ్వరు. ఆయనకు 2016లో సాహిత్యానికి నోబెల్ ఇచ్చారు కాబట్టి "ఆయన కవిలే" అని తప్పించుకోవచ్చు. కానీ అరవై ఏళ్లుగా జనం డబ్బు పెట్టి వింటున్నది ఆ గొంతునే.

అలాగని "రాక్ అంటే ఎట్లా అరిచినా చెల్లుతుంది" అనేవాళ్ల మాట కూడా వినొద్దు. చెల్లదు.

మనకు పనికొచ్చే కొలత ఇంకొకటి ఇక్కడే, మన సీమలోనే ఉంది. 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో వనారస గోవిందరావు నాటక సమాజం మొదలైనప్పుడు మైకులు లేవు. పద్యం ఎత్తుకుంటే మైదానం చివర గోనెపట్టా పరుచుకుని కూర్చున్న మనిషికీ మాట తెలియాలి. దుర్యోధనుడి గొంతు తియ్యగా ఉందా అని ఎవరూ అడగరు. చివరిదాకా నిలబడిందా, కోపం కోపంలా తగిలిందా, వన్స్‌మోర్ అంటే రెండోసారి కూడా అదే జోరుతో వచ్చిందా అని చూస్తారు. కడప పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ విన్నవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. పై స్థాయికి పోయేకొద్దీ గొంతు చీలుతుంది, ఆ చీలిక దగ్గరే జనం తల ఊపుతారు. రాక్ గొంతుకు చుట్టరికం వీళ్లతోనే.

2. ఎకో తీసేసి, మూడు రికార్డింగులు చేయండి

మన మైక్‌సెట్ వాళ్లకు ఎకో అంటే ప్రాణం. సగం తప్పులు దాని కింద దాక్కుంటాయి. అందుకని ముందు అది ఆపేయండి. తర్వాత ఒకే పాటను మూడుసార్లు రికార్డు చేయండి. మొదటిది వాయిద్యాలేమీ లేకుండా, ఒక చరణం, ఒక కోరస్ (మన పల్లవిలా మళ్లీ మళ్లీ వచ్చే భాగం). రెండోది బ్యాండ్‌తో. మూడోది నలభై నిమిషాలు రిహార్సల్ అయ్యాక, మళ్లీ వాయిద్యాలు లేకుండా, మొదట పాడిన కోరసే.

ఫోన్ నోటి దగ్గర పెట్టొద్దు. గట్టిగా పాడినప్పుడల్లా ఫోన్ తనంతట తానే శబ్దం తగ్గించేస్తుంది, బలం ఎంతో తెలియకుండా పోతుంది. ఏడెనిమిది అడుగుల దూరంలో పెట్టండి. ఫ్యాన్ ఆపండి. మే నెలైతే ఓర్చుకోండి.

3. శ్రుతి చూడండి, కానీ తెలివిగా చూడండి

మొదటి రికార్డింగులో పాట ఏ 'స' మీద మొదలైందో ట్యూనర్ యాప్‌లో చూసుకోండి. కోరస్ అయ్యేసరికి అదే చోట ఉన్నాడా? ధర్మవరం అబ్బాయి పాటల పోటీల్లో కప్పులు గెలిచినవాడు, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. గుత్తి అబ్బాయి కోరస్ చివరికి దాదాపు అర స్వరం కిందికి జారాడు. ఇక్కడే ధర్మవరం అబ్బాయి మొహంలో చిన్న నవ్వు వచ్చింది, నేను చూశాను.

కానీ తొందరపడకూడదు. రాక్‌లో శ్రుతి తప్పినట్టు అనిపించేవన్నీ తప్పులు కావు. ఈ సంగీతం అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ పాటల కడుపున పుట్టింది. గాంధారాన్ని, అంటే 'గ'ని, సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో ఎక్కడో నిలబెట్టడం, స్వరాన్ని కింది నుంచి జారి అందుకోవడం దాని స్వభావం. గమకాలు విన్న మనకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. మరి కావాలని వంచాడా, అందక జారాడా అన్నది ఎలా తెలుస్తుంది? అదే లైను మూడుసార్లు పాడించండి. మూడుసార్లూ అదే చోట అంతే వంగితే అది అతని శైలి. ఒక్కోసారి ఒక్కోలా వస్తే అది తప్పు.

గుత్తి అబ్బాయిది మూడుసార్లూ ఒక్కోలా వచ్చింది. అప్పుడు నేను గిటార్ తీగలన్నీ ఒక స్వరం కిందికి దించి మళ్లీ పాడమన్నాను. జారడం ఆగిపోయింది.

సంగతేమిటంటే, మన పిల్లలు రికార్డులో ఉన్న శ్రుతిలోనే పాడి తీరాలని మొండిపట్టు పడతారు. కచేరీలో అలా ఎవరైనా చేస్తారా? ఒకరు ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, ఇంకొకరు రెండులో, ఆడవాళ్లు ఐదు దగ్గర. నాటకాల హార్మోనిస్టు ముందు అడిగేదే "ఎంత శ్రుతి?" అని. గిటార్ పట్టుకున్నవాళ్లు మాత్రం అది అడగరు. జిమీ హెండ్రిక్స్, గన్స్ అండ్ రోజెస్ లాంటి వాళ్లే తీగలు అర స్వరం దించి వాయించారు. మీరు ఒక స్వరం దించితే పరువు పోదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే చెప్పేస్తాను. పైకి పాడేవాళ్ల గొంతు పుట్టుకతోనే సన్నగా ఉంటుందనుకుంటారు. క్వీన్ బ్యాండ్ పాటగాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మాట్లాడిన ఇంటర్వ్యూలు తీసుకుని 2016లో శాస్త్రవేత్తలు కొలిస్తే, ఆయన మాట్లాడే గొంతు సగటున సెకనుకు 117 కంపనాల దగ్గర తేలింది. మామూలు మగవాడి బరువైన గొంతే. పై స్వరాలు సాధనతో, పద్ధతితో వచ్చినవి. మహారాష్ట్ర పంచగనిలో హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్లవాడు ఆయన, ఆకాశం నుంచి ఊడిపడలేదు.

4. దమ్ము కొలవండి

గడియారం పెట్టుకుని "స్‌స్‌స్" అని పాములా బుసకొట్టమనండి, ఎంతసేపు వస్తే అంతసేపు. తర్వాత మళ్లీ అంతే దమ్ము పీల్చి తేనెటీగ ఝుంకారంలా గొంతు కలిపి చేయమనండి. మొదటిదానికి స్వరతంత్రులతో పని లేదు, గాలి మాత్రమే. రెండోదానికి అవి దగ్గరికి వచ్చి కంపించాలి. ఆరోగ్యమైన గొంతులో రెండూ ఇంచుమించు సమానంగా వస్తాయి. బుస 20 సెకన్లు వచ్చి ఝుంకారం 12 దగ్గరే ఆగిపోతే తంత్రులు సరిగా మూసుకోక గాలి కారిపోతోందని అనుమానం. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే 1.4 దాటకూడదని గొంతు వైద్యం చేసేవాళ్లు ఒక గుర్తు పెట్టుకుంటారు. ఒక్కరోజు చూసి భయపడొద్దు, జలుబున్నా ఇలా వస్తుంది. నాలుగైదు రోజులు వేరువేరుగా చూసినా అదే తేడా ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే.

పాడేటప్పుడు భుజాలు ఎగురుతున్నాయేమో కూడా చూడండి. గాలి పీల్చగానే భుజాలు చెవుల దాకా వస్తే ఊపిరి పైపైనే ఉన్నట్టు. నడుము చుట్టూ, పక్కటెముకల దగ్గర వెడల్పు కావాలి. వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఒక లావుపాటి పుస్తకం పెట్టుకుని, అది లేచి మెల్లగా దిగేలా ఊపిరి వదలడం మంచి సాధన. ఇంజనీరింగ్ పుస్తకాలకు ఇదొక ఉపయోగం.

5. ఆ జీర ఎక్కడి నుంచి వస్తోంది?

అసలు పరీక్ష ఇది. మిగతావన్నీ ఏ పాటకైనా పనికొస్తాయి, ఇది మాత్రం రాక్‌దే.

గొంతులో స్వరతంత్రులు రెండు చిన్న మడతలు. మగవాళ్లలో సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి, ఆడవాళ్లలో అంతకంటే తక్కువ. 440 హెర్ట్జ్ స్వరం పట్టుకున్నామంటే సెకనుకు 440 సార్లు అవి ఒకదానికొకటి తగులుతున్నట్టు లెక్క. వాటికి కొంచెం పైన ఇంకో జత మడతలుంటాయి, మెత్తగా, లావుగా. మామూలుగా పాడేటప్పుడు వాటికి పనేమీ ఉండదు. బాగా నేర్చిన రాక్ పాటగాళ్లలో చాలామంది గరగర తెప్పించేది ఈ పై భాగాన్ని కదిలించే. కింద అసలు తంత్రులు స్వరాన్ని శుభ్రంగా పలుకుతుంటాయి, పైన ఉన్నవి దానికి గరుకు కలుపుతాయి. మంగోలియా వైపు గొంతు పాటల్లో అడుగున వినపడే ఆ గుర్రు కూడా ఇక్కడిదే.

నేర్వనివాడు ఏం చేస్తాడు? గొంతు మొత్తం పిడికిలిలా బిగించి అసలు తంత్రులనే ఒకదానిమీదొకటి రుద్దేస్తాడు. శబ్దం బయటికి కొంచెం అలాగే ఉంటుంది. లోపల మాత్రం తోలు లేచిపోతుంటుంది.

బయట నుంచి తేడా పట్టుకోవడానికి నేను చేసేది ఇది. "ఆ" అని ఒక మామూలు స్వరం పట్టుకోమంటాను, శుభ్రంగా. అది ఆపకుండా మధ్యలో గరగర కలపమంటాను. మళ్లీ తీసేయమంటాను. అంతా ఒకే దమ్ములో. కలిపినప్పుడు స్వరం పైకీ కిందికీ కదలకూడదు, తీసినప్పుడు మళ్లీ మొదటి నునుపు రావాలి. తర్వాత ఇదే పని మాట్లాడేంత చిన్న శబ్దంతో చేయమంటాను. నిజంగా చేతిలో ఉన్నవాడు మెల్లగానూ చేయగలడు. అరిస్తే తప్ప రాదంటే అది బలప్రయోగమే.

ధర్మవరం అబ్బాయి "ఆ" పట్టుకున్నాడు, చక్కటి గొంతు. గరగర కలపమనగానే గడ్డం ముందుకొచ్చింది, మెడ నరాలు ఉబ్బాయి, స్వరం పావు వంతు పైకి పోయింది. తీసేయమంటే నునుపు రాలేదు, రెండు సెకన్లు గాలి, తర్వాత దగ్గు. "ఏం కాల్యా అన్నా, గొంతులో గీరుకుంది అంతే" అన్నాడు. ఆ గీరుకోవడమే నేను చూడాలనుకున్నది. చక్కిలిగింత, మంట, దగ్గు, ఏది వచ్చినా తప్పు చోట తప్పు పని జరుగుతోందనే.

గుత్తి అబ్బాయికి మాటలోనే కొంచెం జీర ఉంది. వాళ్ల నాయనకూ అంతేనట. అతను "ఆ" పట్టుకుని, కుర్చీలో కూర్చునే, తలుపు కిర్రుమన్నట్టు గరుకు కలిపాడు, తీసేశాడు, కలిపాడు, తీసేశాడు. మెడ మీద ఒక్క నరం లేవలేదు. ఎక్కడ నేర్చుకున్నావంటే, చిన్నప్పుడు ఊళ్లో నాటకం వేస్తే రాక్షసుడి నవ్వు నవ్వేవాణ్నన్నాడు.

పుట్టుకతో ఉన్న జీర వేరు, తెచ్చిపెట్టుకున్నది వేరు, జబ్బు వల్ల వచ్చింది వేరు. మూడూ వినడానికి ఒకటిగా అనిపించవచ్చు. మొదటిది రోజంతా ఒకేలా ఉంటుంది. రెండోది అడిగితే వస్తుంది, వద్దంటే పోతుంది. మూడోది వద్దన్నా పోదు, సాయంత్రానికి పెరుగుతుంది, మెల్లగా పాడాల్సిన చోట గొంతు అసలు పలకదు. మెల్లగా, పై స్థాయిలో, పుట్టినరోజు పాట ఒక లైను పాడమనండి. వాపున్న గొంతు అక్కడ దొరికిపోతుంది, ఎందుకంటే గట్టిగా పాడేటప్పుడు వాపును బలంతో దాచొచ్చు, మెల్లగా పాడేటప్పుడు దాచలేం.

ఇక సిగరెట్ తాగితే రాక్ గొంతు వస్తుందనేది. రాదు. తంత్రులు నీరు పట్టి ఉబ్బుతాయి, గొంతు బరువెక్కుతుంది, పై స్వరాలు పోతాయి. గుట్కా సంగతి చెప్పనే అక్కర్లేదు.

అయితే గరగర ఉంటేనే రాక్ అని కూడా కాదు. 2007లో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఇక్కడి నుంచి బస్సెక్కి పోయినవాళ్లున్నారు. వాళ్ల పాటగాడు బ్రూస్ డికిన్సన్ గొంతు దాదాపు శుభ్రమైన గొంతే, సైరన్‌లా నేరుగా పైకి పోతుంది. 2011 అక్టోబరులో అదే ఊళ్లో పాడిన మెటాలికా బ్యాండ్ పాటగాడు జేమ్స్ హెట్‌ఫీల్డ్‌ది పూర్తిగా వేరే దారి, అది మొరటు గొంతు. అతను కూడా 1990ల మొదట్లో గొంతు పాడు చేసుకుని, గురువు దగ్గరికి పోయి, పాడే ముందు రోజూ గొంతు కాచుకోవడం నేర్చుకున్నవాడే. మన దేశంలోనే చూడాలంటే సిక్కిం నుంచి వచ్చిన గిరీష్ అండ్ ద క్రానికల్స్ బ్యాండ్ వినండి. గిరీష్ ప్రధాన్ నునుపు, గరుకు రెండూ ఒకే లైన్లో మార్చి మార్చి వాడతాడు.

6. బ్యాండ్ మధ్యలో వినపడుతోందా?

ఇప్పుడు రెండో రికార్డింగు. గొంతు డ్రమ్స్ కింద నలిగిపోతోందా, పైకి తేలుతోందా? ఇది గట్టిగా పాడటం సంగతి కాదు. గుడిలో నాదస్వరం ఒక్కటే రెండు డోళ్ల మీద ఎలా వినపడుతుందో ఆలోచించండి. దాని శబ్దంలో పదును ఉంది. మనిషి గొంతులో ఆ పదును 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, మన చెవి అన్నిటికంటే చురుగ్గా పనిచేసేది కూడా దాదాపు అక్కడే. ఆ చోట బలం ఉన్న గొంతు కొంచెం పాడినా వెనక వరుసకు అందుతుంది. లేని గొంతు ఎంత అరిచినా గిటార్‌లో కలిసిపోతుంది.

ఆ పదును తెచ్చుకోవడానికి చంటిపిల్ల ఏడుపు, పిల్లి "మ్యావ్", బాతు అరుపు అనుకరించండి. నవ్వు రావచ్చు, కానీ గొంతు పైభాగం సన్నబడి ఆ పదును పుట్టడం అక్కడే మొదట తెలుస్తుంది. తర్వాత ఆ మ్యావ్‌లోంచి మెల్లగా పాట లైన్లోకి రండి. ముక్కు మూసుకుని పాడి చూడండి. శబ్దం మారకపోతే అది పదును. మూసుకుపోతే అది ముక్కుతో పాడటం, అది వేరే రోగం.

7. మాట తెలుస్తోందా? తెలుగులో పాడితే ఇంకో చిక్కుంది

ఇంగ్లిష్ పాట పాడేటప్పుడు మన పిల్లలు అమెరికా యాస తెచ్చిపెట్టుకుంటారు. రాగి సంగటి తిన్న నోటితో అది రాదు, రావాల్సిన పని కూడా లేదు. మాట అర్థమైతే చాలు.

తెలుగులో రాసుకుని పాడేవాళ్లు జాగ్రత్త పడాల్సింది దీర్ఘాల దగ్గర. రాక్ కోరస్‌లో ఒక అక్షరాన్ని నాలుగు బీట్ల దాకా లాగుతారు. ఇంగ్లిష్‌లో ఎక్కువ మాటలకు అలా లాగినా అర్థం మారదు. మనకు మారుతుంది. "పడు" లాగితే "పాడు" అవుతుంది. "కలం" లాగితే "కాలం" అయిపోతుంది. గుత్తి అబ్బాయి రాసిన పాటలో "పడుతూ లేస్తూ" అని ఉంది, అతను పాడితే నాకు "పాడుతూ లేస్తూ" అని వినపడింది. రెండు రిహార్సళ్ల దాకా అదే నిజమనుకున్నాను. లాగాల్సిన చోట దీర్ఘం ఉన్న మాటే రాసుకోవాలి, లేదా మాట చివరి అచ్చు మీద లాగాలి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, ఆ విషయంలో మనకు లాభమే.

పై స్థాయిలో "ఈ", "ఊ" బిగుసుకుపోతాయి. "ఈ"ని కొంచెం "ఏ" వైపుకి, "ఊ"ని "ఓ" వైపుకి తెరవండి. వినేవాళ్లకు తేడా తెలియదు, గొంతుకు మాత్రం తెలుస్తుంది.

లయ గురించి ఎక్కువ చెప్పను. చప్పట్లు కొడుతూ పాడమనండి. చప్పట్లు పాట వెంట పరిగెడితే లయ లేదు.

8. మైకు పట్టుకునే తీరు

స్టేజీల మీద ఎక్కువగా కనపడే ష్యూర్ ఎస్‌ఎమ్58 మైకు 1966 నాటిది. ముందు నుంచి వచ్చే శబ్దాన్ని ఎక్కువగా, వెనక నుంచి వచ్చేదాన్ని తక్కువగా తీసుకునేలా చేశారు. వీడియోల్లో చూసి మైకు తల మీది జాలీని అరచేత్తో మూసి పట్టుకుంటే ఆ గుణం పోతుంది. శబ్దం డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, వెంటనే కీచుమని కూత వస్తుంది. కాడ పట్టుకోండి. మామూలుగా రెండు వేళ్ల దూరం, పెద్ద కేక ముందు జానెడు దూరం.

ఇంకొకటి, తన గొంతు తనకు వినపడకపోతే మనిషి తెలియకుండానే అరవడం మొదలుపెడతాడు. 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు దీని గురించి రాశాడు. కల్యాణ మండపంలో మానిటర్ స్పీకర్ లేకుండా రెండు గంటలు పాడినవాడి గొంతు పోయిందంటే తప్పు గొంతుది కాదు. మైక్‌సెట్ అన్నను బతిమాలైనా సరే ఒక స్పీకర్ మీ వైపు తిప్పించుకోండి.

9. మర్నాడు పొద్దున ఫోన్ చేయండి

మూడో రికార్డింగును మొదటిదాని పక్కన పెట్టి వినండి. నలభై నిమిషాల్లో ఎంత అరిగిందో తెలుస్తుంది. కానీ అసలు తీర్పు మర్నాటిదే.

సోమవారం పొద్దున ఏడింటికి ఇద్దరికీ ఫోన్ చేశాను. గుత్తి అబ్బాయి ఎత్తి, నిద్రమత్తులో "చెప్పన్నా" అన్నాడు. ఆదివారం వచ్చినప్పుడు ఎలా ఉందో అదే గొంతు. ధర్మవరం అబ్బాయి ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ పెట్టాడు: "అన్నా, గొంతు పోయింది, మాట రాడంల్యా."

అతన్ని తీసిపారేయొద్దని నేను బ్యాండ్‌వాళ్లకు చెప్పాను. అతని గొంతు చెడ్డది కాదు, తనది కాని గొంతుతో పాడాడు, అంతే.

10. గొంతు పోతే ఏం చేయాలి, పోకుండా ఏం చేయాలి

ఇది నేను డబ్బు పెట్టి నేర్చుకున్న పాఠం. ఒకసారి జాతరలో మా పాటగాడు రాకపోతే రాత్రంతా నేనే పాడాను. మర్నాటికి మాట లేదు. సాయంత్రం ఇంకో ప్రోగ్రాం. ఎవరో చెప్తే ఒకచోట సూది వేయించుకున్నాను. గంటలో గొంతు తెరుచుకుంది, దేవుడు ప్రత్యక్షమైనట్టే అనిపించింది. ఆ రాత్రి కూడా పాడాను. ఆ సూది వాపును దించిందే తప్ప దెబ్బను మాన్పలేదు. తర్వాత మూడు నెలలు బొంగురు గొంతు. చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరు సన్నటి కెమెరా పెట్టి తెర మీద చూపించాడు: రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా ఆవగింజల్లాంటి బుడిపెలు. ఆపరేషన్ దాకా పోలేదు, మాట తగ్గించి, వ్యాయామాలు చేస్తే కరిగాయి. పై స్వరాలు రెండు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి గొంతు బొంగురు రెండు మూడు వారాలు దాటితే ఆలస్యం చేయకుండా కెమెరా పరీక్ష చేయించుకోండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, బుడిపెలకు చాలాసార్లు నొప్పి ఉండదు. గొంతు పోయిన రోజు గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి అనుకోవద్దు, చాలామందికి దానివల్ల ఇంకా బిగుస్తుంది. మాట్లాడాల్సి వస్తే మెల్లగా, మామూలు గొంతుతో రెండు ముక్కలు మాట్లాడండి. మిగతాది ఫోన్‌లో టైపు చేయండి.

నాటకాలవాళ్లు కరక్కాయ బుగ్గన పెట్టుకుంటారు, కొందరు మిరియాలు, పటికబెల్లం. లాలాజలం ఊరుతుంది, హాయిగా ఉంటుంది, నేనూ పెట్టుకుంటాను. కానీ మనం మింగేదేదీ స్వరతంత్రులను తాకదు, అది అన్నవాహిక దారి. తాగిన నీళ్లు కూడా ఒంట్లో కలిసి చుట్టు తిరిగి గొంతుకు చేరాలి. అందుకని స్టేజీ ఎక్కే ముందు సీసా ఎత్తేయడం వల్ల లాభం తక్కువ, పొద్దుటి నుంచి తాగుతూ ఉండాలి. మన ఎండలకు, ఈ దుమ్ముకు ఇంకా ఎక్కువ తాగాలి. నేరుగా తంత్రుల దాకా పోయేది ఆవిరి ఒక్కటే.

తిండి సంగతి చెబితే మావాళ్లు కొట్టేలా చూస్తారు. ప్రోగ్రాంకు ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వద్దు. ప్రోగ్రాం అయ్యాక రాత్రి ఒంటిగంటకు బిర్యానీ తిని వెంటనే పడుకోవడం అంతకంటే చెడ్డది. కడుపులో పులుపు పైకి తన్ని గొంతును కాలుస్తుంది, పొద్దున్నే గొంతు బరువుగా, కఫం పట్టినట్టుగా ఉండేది చాలాసార్లు దానివల్లే. తినడానికీ పడుకోవడానికీ మూడు గంటల ఎడం ఉండాలి.

రోజూ చేయాల్సింది పావుగంట పని. ఒక గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొనను రెండు మూడు వేళ్ల లోతు ముంచి, నీళ్లు బుడగలు వచ్చేలా "ఊ" అని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారండి. ఐదు నిమిషాలు. గాలి ఒత్తిడి స్ట్రాలోంచి వెనక్కి తన్ని తంత్రులు గట్టిగా గుద్దుకోకుండా కాపాడుతుంది. తర్వాత పెదవులు బుర్రుమనిపిస్తూ పాట మొత్తం ఒకసారి. తర్వాత మ్యావ్. గరగర చివర్లో రెండే నిమిషాలు, మెల్లగా, దగ్గు వచ్చిందంటే ఆ రోజుకు అంతే. ప్రోగ్రాం అయ్యాక కూడా స్ట్రా పని రెండు నిమిషాలు చేసి అప్పుడు మాట్లాడండి.

ధర్మవరం అబ్బాయి ఇప్పుడు మా మిద్దె మీదికి వచ్చేటప్పుడు నన్నారి షర్బత్ తెచ్చుకుంటాడు. తాగేసి, అదే స్ట్రా కడిగి, నీళ్ల గ్లాసులో పెట్టి గుడగుడలాడిస్తాడు. కోరస్‌లో పై వరుస అతనిది, నునుపుగానే పాడుతున్నాడు. గరగర గుత్తి అబ్బాయికి వదిలేశాడు. గిటార్ ఇప్పటికీ ఒక స్వరం కిందే ఉంది.